వెనక మెట్లకు తాళం

భద్రత అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట మీద జీతం తీసుకుంటున్నవాణ్ణి నేనే కాబట్టి, ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియదు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే ముందు వచ్చే ఒక మోస్తరు టౌన్ మాది. అక్కడి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో నేను సర్వేయర్‌ను. టేపు పట్టుకుని గోడలు కొలవడం, ప్లాన్‌లో లేని వరండాలు కనిపెట్టడం, కనిపెట్టినందుకు తిట్లు తినడం నా ఉద్యోగం.

ఒక ఏడు మాఘమాసంలో పైనుంచి ఉత్తరువు వచ్చింది. టౌన్‌కు కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతోందట. జనం గుమిగూడే బిల్డింగులన్నీ తిరిగి, ఏ బిల్డింగ్‌కు బయటినుంచి ఎంత ముప్పుందో లెక్కగట్టి పంపాలట. బస్టాండు, సినిమా హాలు, ఫంక్షన్ హాళ్ళు, షాపింగ్ కాంప్లెక్సులు అన్నీ నా నెత్తిన పడ్డాయి. ఉత్తరువుతో పాటు నాలుగు పేజీల ఫార్మాట్ కూడా వచ్చింది.

లోపలికి వచ్చే దారులు ఎన్ని? వాటిలో కాపలా ఉన్నవెన్ని, లేనివెన్ని? బండి నేరుగా గోడ దాకా రాగలదా? కెమెరాలు ఎన్ని, పనిచేసేవి ఎన్ని? ఇలా నాలుగు పేజీల నిండా లోపలికి వచ్చేవాడి గురించే. లోపల ఉన్నవాళ్ళు బయటికి ఎలా పోతారని అందులో ఒక్క ప్రశ్న లేదు. ఇప్పుడింత తెలివిగా రాస్తున్నాను గాని అప్పుడు నాకా సంగతి తట్టనే లేదు.

తట్టకపోవడానికి ఒక కారణం ఉంది. నా మొదటి పోస్టింగ్ భద్రాచలం అవతల, అడవి అంచున ఒక చిన్న ప్రభుత్వ ఆఫీసులో. అడవిలో అన్నల భయం ఇంకా పోని రోజులు. ఆఫీసు వెనక తలుపును ఇటుకలతో కట్టేశారు. కిటికీలను సగం దాకా మూసేశారు. మిగిలింది ముందు ఒక్క తలుపు, దానికి అడ్డంగా ఇసుక బస్తాలు. ఎండాకాలం లోపల ఉడికిపోయేవాళ్ళం, అయినా మా ఆఫీసుకేం ఢోకా లేదని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళం. ఒకరోజు చూరు కింద తేనెపట్టును కోతి కదిలించింది. ఈగలు లోపలికొచ్చి పడ్డాయి. పది పన్నెండు మందిమి ఒక్క తలుపు మీద పడ్డాం. హెడ్ క్లర్కు ఇసుక బస్తాల మీద బోర్లా పడ్డాడు. ఆయన మీదుగా ముగ్గురు దాటారు, అందులో నేనొకణ్ణి. వాచిన మొహాలు చూసుకుని వారం రోజులు నవ్వుకున్నాం. ఆ వెనక గోడలోంచి ఒక్క ఇటుక తీద్దామని మాత్రం ఎవరికీ అనిపించలేదు.

అక్కడ ఆరేళ్ళు చేసినవాడికి ఒక అలవాటు అంటుకుంటుంది. ఏ బిల్డింగ్‌లోకి పోయినా ముందు వెనక తలుపు ఎక్కడుందా అని చూస్తాడు. అవసరమైతే బయటపడడానికి కాదు, మూయించడానికి. మా సెక్షన్‌లో సగం మందిమి అడవి వైపు చేసి వచ్చినవాళ్ళమే.

నా లిస్టులో మెయిన్ రోడ్డు మీది ఒక మూడంతస్తుల కాంప్లెక్స్ ఉంది. అడుగున సెల్లార్, రోడ్డు మట్టాన బట్టల దుకాణం, మొదటి అంతస్తులో కుట్టుపని నేర్పే సెంటరు, రెండో అంతస్తు ఖాళీ, మూడో అంతస్తులో స్టడీ హాల్. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్ళు పొద్దున వచ్చి సాయంత్రం దాకా కూర్చునే చోటు అది. ఆడవాళ్ళకు మాత్రమే. అందులో కిటికీ పక్కన మూడో కుర్చీ నా భార్యది.

ఆమెది మధిర వైపు. టీచర్ ఉద్యోగం కోసం పెళ్ళినాటి నుంచీ చదువుతూనే ఉంది. మధ్యలో ఇద్దరు పిల్లలు పుట్టారు, నాకు మూడు బదిలీలయ్యాయి, ఒకసారి పరీక్షే ఆగిపోయింది, ఒకసారి పరీక్ష రోజున చిన్నదానికి జ్వరం. మా చర్చిలో ఆదివారం చదివే ప్రార్థన మనవుల్లో ఆమె పరీక్ష ఎన్నేళ్ళుగా ఉందంటే, పాస్టర్ గారు కాగితం చూడకుండానే ఆ మాట అనేస్తారు. ఈసారి తప్పితే మళ్ళీ రాయడానికి వయసుండదు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

కాంప్లెక్స్ కొలవడానికి పోయిన రోజు ముందు సెల్లార్‌లోకి దిగాను. రెండు మెట్లు దిగేసరికి కళ్ళలో నీళ్ళు, నాలుగో మెట్టు మీద తుమ్ములు. లోపల బండి ఒక్కటి లేదు. నేల నుంచి కప్పు దాకా మిర్చి బస్తాలు. నడుమ మనిషి పక్కకు తిరిగి పోయేంత సందు. రెండు మూలల్లో రెండు పెద్ద ఫ్యాన్లు ఆపకుండా తిరుగుతున్నాయి. వాటి వైర్లు ముందు మెట్ల కిందున్న మీటర్ బోర్డు దాకా నేల మీద పాకుతూ పోయాయి. మూడు నాలుగు నెలలుగా నా భార్య చీర కొంగుకు, పుస్తకాలకు వస్తున్న ఘాటు ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. రోడ్డు మీద మిర్చి లారీలు పోతుంటాయి గదా, ఆ దుమ్మై ఉంటుందని అనుకున్నాం అన్నాళ్ళూ.

బిల్డింగ్ ఓనరే మిర్చి వ్యాపారి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. పెద్ద మనిషి, మర్యాదస్తుడు, నవ్వకుండా మాట్లాడడు.

"ఏంది ఇది?" అన్నాను ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని.

"పార్కింగే గద సారూ. బండ్లకు బదులు బస్తాలు పార్కింగ్ చేసినం" అన్నాడు. "కోల్డ్ స్టోరేజీల జాగ లేదు. ఎండ తగిల్తె సరుకుకు రంగు పోతది. ఈడనైతే సల్లగుంటది. రేటు రాంగనే ఎత్తేస్తం, జర ఓపిక పట్టున్రి."

సెల్లార్‌ను పార్కింగ్‌కు తప్ప వాడకూడదు. నేనా సంగతి రాస్తే మొత్తం బిల్డింగ్‌కు సీల్ పడుతుంది. దుకాణం, కుట్టు సెంటరు, స్టడీ హాల్ అన్నీ మూతపడతాయి. ఆ సాయంత్రం ఇంటికి పోయి నా భార్యకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"సీల్ వేస్తే ఎన్నాళ్ళు మూస్తారండీ?" అంది.

"రెండు మూడు నెలలు పడుతుంది, ఎట్ల లేదన్నా."

"నా పరీక్షకు రెండున్నర నెలలే ఉంది గదండీ."

"ఇంట్ల కూసోని సదువు. ఏమైతది?"

అంతే, పుస్తకం మూసింది. "ఇంట్లో నేను చదువుతానా? కుక్కరు కూతేస్తే లేవాలి. పిల్లలొస్తే లేవాలి. మీ చొక్కా గుండీ ఊడితే లేవాలి. అక్కడ ఆ కుర్చీలో కూర్చుంటేనే నేను చదువుకునేదాన్ని. ఇంట్లో మీ అందరి మనిషిని." మళ్ళీ తనే అంది. "పరీక్ష అయిన మర్నాడు రాయండి. ఏం కావాలంటే అది రాయండి."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేనందుకు. మిర్చి అన్నాక ఊళ్ళో ఏ ఇంట్లో లేదు, బస్తాల్లో ఊరికే పడి ఉన్న సరుకు ఎవర్నేం చేస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఫార్మాట్‌లో కూడా మిర్చికి గడి లేదు. సెల్లార్ దగ్గర 'పార్కింగ్, ఇబ్బంది లేదు' అని రాశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కాని ఒక్క లోపమూ లేకుండా కాగితం పంపితే, పోయి చూడకుండానే రాశాడంటారు. ఏదో ఒకటి ఉండాలి. ఎవరికీ నష్టం లేనిదేమైనా ఉందా అని వెతికాను. కాంప్లెక్స్ వెనక సందులోంచి మూడో అంతస్తు దాకా ఇనుప మెట్లు ఉన్నాయి. వాటికి గేటు లేదు. నా చెయ్యి దానంతటదే రాసింది: 'వెనక మెట్ల దారి అదుపులో లేదు. బయటివాళ్ళు సందులోంచి నేరుగా పైకి ఎక్కే వీలుంది. గ్రిల్ పెట్టి మూసి ఉంచాలి.' రాసి, సంతకం పెట్టి, ఆ రోజుకు పని అయిపోయిందని టీ తాగడానికి పోయాను.

మా టౌన్‌లో మేమిచ్చిన నోటీసులు గోడల మీద అట్లే ఎండి రాలిపోతాయి. నాలా మీద కట్టిన గోడ తీయమని ఇచ్చిన నోటీసును ఆ గోడకే అతికించి, దాని మీద సున్నం వేశారు. అటువంటి ఊళ్ళో నేను రాసిన ఆ ఒక్క ముక్క మాత్రం పది రోజుల్లో అమలైపోయింది. ఆఫీసు నుంచి వస్తూ నా భార్యను ఎక్కించుకుందామని సందు వైపు నుంచి పోతే, మెట్ల అడుగున కొత్త గ్రిల్ కనిపించింది. నీలం రంగు ఇంకా ఆరలేదు. దానికి పిడికిలంత తాళం. చూడగానే నాకు ముందుగా కలిగింది సంతోషం. పరవాలేదే, మన మాటకూ విలువుంది అనుకున్నాను. తర్వాత తలెత్తి మూడో అంతస్తు వైపు చూశాను. సెల్లార్, మీటర్ బోర్డు ముందు మెట్ల కిందే ఉన్నాయి. అక్కడ మంట లేస్తే, వెనక మెట్లు మూసి ఉంటే, పైనున్నవాళ్ళకు ఇంకో దారి లేదు.

నేరుగా ఓనర్ దగ్గరికి పోయాను.

"గంత జల్దీ గ్రిల్ ఎందుకు పెట్టించిన్రు?"

"మీ కాయితమే గద సారూ" అన్నాడు, నవ్వుతూనే. "మీరు రాసింది మాగ్గూడ మంచిగనిపించింది. సందులకెల్లి వచ్చి ఎవడన్న బస్తా ఎత్తుకపోతడని నాకూ పరేషానే ఉండె. ఇప్పుడు పిల్లి గూడ రాలేదు."

"తాళంచెవి ఏడుంది?"

"మా గుమాస్తా కాడ."

"ఆయన ఏడుంటడు?"

"ఈడనే ఉంటడు. మార్కెట్ ఉన్న దినం ఖమ్మం పోతడు."

మార్కెట్ వారంలో ఐదు రోజులుంటుంది. నేను గొంతు పెంచాను. తాళం తీసెయ్యమన్నాను. అప్పుడాయన మొదటిసారి నవ్వు ఆపి, "తీస్తె మళ్ళ మీ ఆఫీసోళ్ళే నోటీసిస్తరు. తీయమని గూడ ఒక కాయితం రాసియ్యున్రి సారూ, ఇప్పుడే తీస్తా" అన్నాడు. న్యాయమైన మాటే. నా దగ్గరే ఆ కాగితం లేదు.

మర్నాడు మా సెక్షన్ పెద్ద సారుకు చెప్పాను, ఆ కాంప్లెక్స్ వెనక మెట్లు తెరిపించాలని. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు.

"మూయమన్నది నువ్వే గదా?"

"అవ్ సార్. అప్పుడు సరిగ్గ ఆలోచించలే."

"ముందు మెట్లున్నయి గదనయ్యా. సెల్లార్‌ల పార్కింగ్, ఇబ్బంది లేదు అన్నవ్. ఇగ వెనక మెట్లతోని ఏం పని?" ఫైలు మూశాడు. "సెల్లార్‌ల వేరే ఏమన్న ఉన్నదా? ఉంటే రాసియ్యి. రేపే సీల్ వేస్తం."

ఆయనకు తెలుసని నాకు అనుమానం. ఆ సెల్లార్ ముందు నుంచి పోయిన ప్రతివాడూ తుమ్ముతాడు, ఆయన ముక్కేం రాతి ముక్కు కాదు. అయినా నోరు తెరిచి చెప్పాల్సింది నేనే. కిటికీ పక్కన మూడో కుర్చీ గుర్తొచ్చింది.

"జూడు" అన్నాడు ఆయన, ఈసారి మెత్తగా. "నీ లిస్టుల చెప్పినట్టు పని అయింది ఇదొక్కటే. దాని ఫోటోనే పైకి పంపినం. ఇప్పుడు అది తప్పని రాస్తే నవ్వుతరు. వచ్చే ఏడు సర్వేల చూద్దాం."

బయటికొచ్చి బండి మీద కూర్చుని లెక్క వేసుకున్నాను. అబద్ధం రాసింది నేను. నిజం రాస్తే అబద్ధం బయటపడుతుంది. రాయకపోతే తాళం ఉంటుంది. ఈ మూడింటి మధ్య నేను ఇరుక్కుని ఉన్నాను.

కాగితం లేకుండా నోటితో ఎంత అడగొచ్చో అంతా అడిగాను. కనీసం తాళంచెవి ఒకటి స్టడీ హాల్ గోడకు తగిలించమని ఓనర్‌ను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "రేపే సారూ" అన్నాడు. రెండోసారి పోయినప్పుడు ఒక సంచిలో కిలో మిర్చి పోసి చేతిలో పెట్టాడు. వద్దన్నాను, ఆయన బండికి తగిలించాడు. వెనక్కి తిప్పి ఇవ్వలేదు. దాన్ని కారం పట్టించాం. మంచి రంగు వచ్చిందని నేనే అన్నాను, అన్నంలో కలుపుకుని.

నా భార్యకు మాత్రం గ్రిల్ సంగతి చెప్పలేదు. చదువుకునే మనిషిని కంగారు పెట్టడమెందుకని ఒక సాకు. అసలు సంగతి, నేను తప్పు రాశానని ఆమె ముందు ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. ఇంట్లో నేనే అన్నీ తెలిసినవాణ్ణి. పిల్లలకు ఏ రోడ్డు దాటాలో, ఏ బస్సు వెనక డోర్ ఎక్కకూడదో చెప్పేవాణ్ణి. ఆమె మాత్రం రోజూ తడి దస్తీ ఒకటి డబ్బాలో పెట్టుకుని పోయేది, చదువుతూ ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి. పరీక్షకు ఇక పదకొండు రోజులు.

ఆ మధ్యాహ్నం నేను బస్టాండ్‌లో ఉన్నాను. బస్సులు జనం మీదికి రాకుండా ప్లాట్‌ఫారం ముందు ఇనుప గుంజలు ఎంతెంత దూరంలో పాతాలో కొలుస్తున్నాను. నా భార్య ఫోన్. ఎత్తితే మాట లేదు, దగ్గు. ఆమెది ఒక్కటే కాదు, చుట్టూ చాలామంది దగ్గుతున్నారు. తర్వాత "మెట్లు" అన్నట్టు వినిపించింది. టేపు అక్కడే పడేసి ఉరికాను.

ఇంట్లో పెనం మీద ఒక్క మిరపకాయ మాడితే వీధి చివరిదాకా తుమ్ముతారు. అక్కడ మాడుతున్నవి బస్తాలు. మంట పైకి కనిపించడం లేదు. సెల్లార్‌లోంచి ముందు మెట్ల గుండా పొగ పైకి పోతోంది. రోడ్డు మీద జనం తువ్వాళ్ళు మొహానికి చుట్టుకుని ముందుకు రాబోయి, వెనక్కి పోయి వాంతి చేసుకుంటున్నారు. బట్టల దుకాణంవాళ్ళు, కుట్టు సెంటరువాళ్ళు బయటపడ్డారు. పైవాళ్ళు ముందు మెట్ల మీద రెండో అంతస్తు దాకా వచ్చి, ఊపిరాడక మళ్ళీ పైకి పోయి, వెనక మెట్లు దిగారు. నేను సందులోకి పోయేసరికి గ్రిల్ ఊచల్లోంచి చేతులు బయటికి ఉన్నాయి. గాజులున్న చేతులు, పెన్ను సిరా అంటిన చేతులు. ఇరవై మంది దాకా ఒకరి మీద ఒకరు మెట్ల మీద ఇరుక్కుని ఉన్నారు. సందులోకి కూడా పొగ వస్తోంది.

"తాళంచెవి! తాళంచెవి!" అని అరుస్తున్నారు. అది ఖమ్మం మార్కెట్‌లో గుమాస్తా జేబులో ఉంది.

ఎదుటి వెల్డింగ్ షాపతను గడ్డపార తెచ్చాడు. ఆ గ్రిల్ చేసింది కూడా అతనే. తాళం మీద కొట్టొద్దు, కదలదు అన్నాడు. పక్క గోడలోంచి పెకలించాలన్నాడు. అతను గుచ్చాడు, నేను లాగాను, ఇంకెవరో ఇద్దరు లాగారు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఫ్రేము వంగి మనిషి దూరేంత సందు వచ్చింది. ఒక్కొక్కరూ బయటికొచ్చారు. నా భార్య రాలేదు. తొమ్మిదో మెట్టు మీద గోడకానుకుని కూర్చుని ఉంది. నోరు తెరిచే ఉంది, గాలి లోపలికి పోవడం లేదు. ఆమెను ఎత్తుకుని వచ్చింది నేను కాదు, ఆ వెల్డింగ్ అతను. నా చేతుల్లో అప్పటికి సత్తువ లేదు.

ఎవరూ పోలేదు. ఆ మాట రాయగలుగుతున్నందుకు దేవునికి స్తోత్రం. ఫైరింజన్ వచ్చింది, రెండు వరుసల బస్తాలు కాలాక ఆగింది. ఫ్యాన్ వైరు కాడ మంట లేచిందన్నారు.

ఎనిమిది మందిని దవాఖానాలో చేర్చారు. నా భార్యకు మూతికి మాస్క్ పెట్టి మందు పొగ పట్టిస్తున్నారు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పొమ్మంది. అక్కడ బెంచీ మీద స్టడీ హాల్ ఆడవాళ్ళు ఐదారుగురు కూర్చుని ఉన్నారు, కళ్ళు వాచిపోయి. నా ఫోన్ మోగింది. మా పెద్ద సారు.

"ఏం భయపడకు" అన్నాడు. "గ్రిల్ నువ్వు రాసినట్టే ఉంది, దాంట్ల మనకేం ఇబ్బంది లేదు. ఆ సెల్లార్ పేజీ ఒక్కటి మారుద్దాం. పార్కింగ్ అని తీసేసి, తాళమేసి ఉండె, చూడనియ్యలేదని రాద్దాం. జర జల్దీ రా. బిల్డింగ్‌కు రేపు పొద్దున సీల్ వేస్తున్నం."

మార్చనన్నాను. ఆయన ఏదో అంటుంటే ఫోన్ పెట్టేశాను. అదేదో పెద్ద ధైర్యం చేశానని కాదు. ఆ క్షణంలో ఇంకో అబద్ధం రాయడం నావల్ల కాలేదు.

బెంచీ మీద ఒకామె నన్నే చూస్తోంది. చర్ల అవతలి అడవి పల్లె ఆమెది. బిడ్డను తల్లి దగ్గర వదిలి ఇక్కడ గది కిరాయికి తీసుకుని చదువుకుంటోంది. నా భార్య పక్క కుర్చీ. గొంతు పోయింది, గుసగుసగా మాట్లాడింది.

"పోయిన నెల మేం కాయితం రాసినం సార్. గా తాళం తీయున్రి, మాకు భయమైతుందని. అందరం సంతకాలు పెట్టినం. మీ ఆఫీసుల ఇద్దామనే అనుకున్నం. అక్కనే వద్దన్నది."

"ఏమని?"

"ఓనర్ చెప్పిండట గద అక్కకు, గ్రిల్ మీరు రాసి పెట్టించిందని. 'అది మా ఆయన రాశారు. ఆయన ఊరికే రాయరు. మన గురించి ఏదో ఆలోచించే రాసుంటారు' అన్నది. మేం గూడ నిజమే అనుకున్నం. కాయితం చింపేసినం."

ఇన్నాళ్ళూ ఆమెకు తెలియదనుకున్నాను. ఆమెకు తెలుసు. తెలిసి, గర్వంగా నలుగురికి చెప్పింది. నా సంతకం కంటే ఆమె మాట ఆ తాళాన్ని గట్టిగా మూసింది, ఆ మాట నన్ను నమ్మి అన్నది.

లోపలికి పోయాను. మాస్క్ తనే కిందికి లాగింది. కళ్ళు ఎర్రగా, రెప్పలు ఉబ్బి ఉన్నాయి. ఒక్కో మాటకు ఆగుతూ అడిగింది.

"ఆ మెట్లు మూయమనడానికి కారణం ఉండే ఉంటుంది గదండీ. ఏంటది?"

తిట్టడానికి అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. పాఠంలో తెలియని చోటు అడిగినట్టు అడిగింది.

"కారణం లేదు" అన్నాను. "ఏదో ఒకటి రాయాలె గదా అని రాసిన. అడివిల చేసినప్పటి అలవాటు. సెల్లార్ గురించి రాయకుండ, దానికి బదులు అది రాసిన."

ఏడుస్తుందేమో అనుకున్నాను. మిర్చి పొగకు ఆ కళ్ళల్లో అప్పటికే నీళ్ళు కారుతున్నాయి, ఏవి దేనివో నాకు తెలియలేదు.

"మరి నేను వాళ్ళకేం చెప్పాలి?" అంది.

"నేనే చెప్తా" అన్నాను.

వరండాలోకి వచ్చి ఆ బెంచీ ముందు నిలబడ్డాను. సెల్లార్‌లోకి దిగిన రోజు నుంచి మొదలుపెట్టి చెప్పాను. పార్కింగ్ అని రాసింది చెప్పాను. ఎవరి కుర్చీ కోసం రాశానో చెప్పాను. మిర్చి సంచి ఇంటికి తెచ్చుకున్నది కూడా చెప్పాను. ఫోన్‌లో మా సారు ఏమన్నాడో, రేపు ఏం జరగబోతోందో చెప్పాను. తప్పంతా నాదేనన్నాను. తిడతారని, మీద పడతారని అనుకున్నాను, ఒక రకంగా అదే కోరుకున్నాను.

ఆ అడవి పల్లె ఆమె దగ్గు ఆపుకుని, తడి కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగింది.

"అదంత సరే సార్. రేపు సీల్ వేస్తరంటున్నరు. మా పుస్తకాలన్ని పైననే ఉన్నయి. మరి ఈ పదకొండు దినాలు మేమెక్కడ సదువాలె?"